ఆరు టన్నుల మట్టి, నూరు కిలోల రాయి

1291 చలికాలం చివర్లో ఈజిప్టు సుల్తాను పాలస్తీనా తీరంలోని ఏకర్ కోట మీదికి దండు కదిపినప్పుడు అబుల్ ఫిదాకు ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. తరవాతి కాలంలో హమా నగరాన్ని ఏలి, చరిత్రకారుడిగా, భూగోళ శాస్త్రజ్ఞుడిగా పేరు తెచ్చుకున్న మనిషి. ఆ దండయాత్రలో మాత్రం అతనికి అప్పగించింది ఒక బండి. సిరియా కొండల్లోని హిస్న్ అల్ అక్రాద్ కోటలో ‘మన్సూరీ’ అనే పేరున్న రాళ్ల యంత్రం ఉండేది. దాన్ని ఏ ముక్కకా ముక్క విప్పి హమా సైన్యానికి అప్పజెప్పారు. మొత్తం వంద బండ్లకు వచ్చింది. దారంతా వాన, మంచు. చలికి ఎద్దులు కూలబడి చచ్చిపోయాయి. గుర్రమ్మీద ఎనిమిది రోజుల్లో అయిపోయే ప్రయాణానికి నెల పట్టిందని ఆయనే రాసుకున్నాడు.

ఒక్క యంత్రానికి వంద బండ్లు. మధ్యయుగపు ముట్టడి యంత్రం అనగానే మనకు గుర్తొచ్చే సినిమా దృశ్యాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. చక్రాల మీద దూసుకొచ్చే బండి, దానికి గరిటెలాంటి చెయ్యి, అందులో మండే గుండు, అది తగలగానే కుప్పకూలే కోటగోడ. ఇందులో దాదాపు ప్రతిదీ తప్పే. పెద్ద యంత్రాలకు ఉండేది గరిటె కాదు, వడిసెల. వాటిని నిలబెట్టిన చోటే వారాల తరబడి ఉంచేవారు. మండే గుండు రాతిగోడను ఏమీ చెయ్యలేదు. లోపలి ఇళ్ల కప్పులకో, ఎదుటివాడి కొయ్య యంత్రాలకో నిప్పంటించడానికే అది పనికొచ్చేది. ఇక గోడ కూలడం సంగతి. చాలా ముట్టడుల్లో గోడ నిలిచే ఉంది, కోట మాత్రం లొంగిపోయింది. ఎంత దూరం విసిరేవి, ఎంత బరువు విసిరేవి అన్న ప్రశ్నలకంటే నాకు ఆసక్తిగా అనిపించేది అదే: గోడ నిలిచి ఉండగా కోట ఎందుకు లొంగుతుంది? దానికి జవాబు వెతకాలంటే ముందు యంత్రం లోపలికి చూడాలి.

మెలి తాళ్లు, లాగుడు తాళ్లు

గ్రీకులు, రోమన్లు రాళ్లు విసరడానికి నమ్ముకున్నది మెలిపెట్టిన తాళ్లను. పశువుల నరాలు, వెంట్రుకలు లావుపాటి కట్టలుగా పేని, వాటి మధ్య ఒక కర్ర దూర్చి మెలితిప్పేవారు. మెలి విప్పుకోవాలని చూసే తాడే కర్రను విసురుగా తిప్పుతుంది. సినిమాల్లోని గరిటె చెయ్యికి మూలం ఈ రకమే, అయితే రోమన్ల యంత్రానికి కూడా చివర వడిసెల ఉన్నట్టే ఆనాటి వర్ణన చెబుతోంది. దీంతో చిక్కేమిటంటే నరాల తాడు తేమ తగిలితే సడలుతుంది. రెండు కట్టల రకంలో అయితే రెండూ ఒకే బిగువులో లేకపోతే గురి పక్కకు పోతుంది. దాన్ని కాచుకోవడానికి చెయ్యి తిరిగిన పనివాళ్లు ఎప్పుడూ దగ్గరుండాలి.

చైనాలో వేరే దారి పట్టారు. క్రీస్తుపూర్వం 5, 3 శతాబ్దాల మధ్య ఎప్పుడో అక్కడ తాళ్లు లాగి రాళ్లు విసిరే యంత్రం పుట్టింది. ఒక చట్రం, దానిమీద ఇరుసు, ఇరుసు మీద దూలం. దూలానికి ఒకవైపు పొడుగు, రెండోవైపు పొట్టి. పొడుగు కొసకు వడిసెల, పొట్టి కొసకు బోలెడు తాళ్లు. తాడుకొక మనిషో ఇద్దరో పట్టుకుని ఒక్కసారిగా కిందికి గుంజితే, పొడుగు కొస పైకి లేచి రాయిని వదులుతుంది. 1044 నాటి చైనా సైనిక గ్రంథంలో వీటి బొమ్మలు, కొలతలు, ఒక్కోదానికి ఎంతమంది కావాలన్న వివరాలు కూడా ఉన్నాయి. నరాలు అక్కర్లేదు, మెలి అక్కర్లేదు. వడ్రంగి, కర్ర, మనుషులు ఉంటే చాలు.

ఈ రకం 6వ శతాబ్దం చివరికి మధ్యధరా తీరం చేరింది. థెస్సలొనీకి నగరాన్ని అవార్లు, స్లావులు ముట్టడించినప్పుడు కళ్లారా చూసిన ఆ ఊరి ఆర్చిబిషప్ వాటిని వర్ణించాడు: చదరపు చట్రాలు, లోపల తాళ్లు లాగేవాళ్లకు బాణాలు తగలకుండా మూడు పక్కలా బల్లలు. అక్కడినుంచి అరబ్బుల చేతికి వచ్చాక దానికి మంజనీక్ అనే పేరు స్థిరపడింది. 8వ శతాబ్దం మొదట్లో సింధులోని దేబల్ రేవు మీద మహమ్మద్ బిన్ ఖాసిం వాడిన మంజనీకుకు ‘అరూస్’ అని, అంటే పెళ్లికూతురని, ముద్దుపేరు. దాన్ని లాగడానికి 500 మంది కావాలిట. గుడిమీది జెండా కర్రకు గురిపెట్టమని, యంత్రం కాలు ఒకటి కురచ చెయ్యమని ఇరాక్‌లో కూర్చున్న గవర్నరు ఉత్తరంలో రాసి పంపాడని 9వ శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు బలాదురీ నమోదు చేశాడు. వందల కోసుల అవతలినుంచి కోణం సవరించే అధికారులు ఆనాడూ ఉన్నారన్నమాట.

లాగుడు యంత్రపు బలం వేగంలో ఉంది. 1147లో లిస్బన్ ముట్టడిలో రెండు యంత్రాలు, వందేసి మంది వంతులవారీగా లాగుతూ, పది గంటల్లో 5,000 రాళ్లు విసిరాయని అక్కడున్నవాడే రాశాడు. అంటే ఒక్కోటి నిమిషానికి నాలుగైదు రాళ్లు. గోడమీద మనిషి తల ఎత్తకుండా చెయ్యడానికి అంతకంటే ఏం కావాలి! బలహీనత కూడా మనుషుల్లోనే ఉంది. వంద మంది ప్రతిసారీ ఒకే బలంతో, ఒకే క్షణంలో గుంజలేరు. మధ్యాహ్నానికి అలిసిపోతారు. ఒక రాయి బురుజుకు తగిలితే రెండోది దానికి పది గజాలు పక్కన పడుతుంది. గోడ పగలాలంటే దెబ్బ మీద దెబ్బ ఒకేచోట పడాలి.

మనుషుల బదులు మట్టి

12వ శతాబ్దంలో, తూర్పు మధ్యధరా ప్రాంతంలో, ఎవరో పొట్టి కొస నుంచి మనుషుల్ని తీసేసి బరువు వేలాడదీశారు. బైజాంటియం వాళ్లా, అరబ్బులా, ఫ్రాంకులా (క్రూసేడులకు వచ్చిన ఐరోపావాళ్లా) అన్న వాదన పండితుల మధ్య ఇంకా సాగుతూనే ఉంది. సలాదీన్ కోసం అల్ తర్సూసీ అనే ఆయన రాసిన ఆయుధ గ్రంథంలో మాత్రం దీని వర్ణన స్పష్టంగా ఉంది: వల నిండా రాళ్లు నింపి బరువుగా కట్టిన యంత్రం. ఆయన ఇంకో చమత్కారం కూడా చేర్చాడు. ఆ బరువు కిందికి దిగుతూ దిగుతూ ఒక పెద్ద విల్లును కూడా ఎక్కుపెడుతుందిట. ఈ ఎదురు బరువు యంత్రాన్నే ఫ్రెంచివాళ్లు ట్రెబుషే అన్నారు. ఢిల్లీ సుల్తానుల చరిత్రల్లో మంజనీక్, అర్రాదా, మగరబీ అని రకరకాల పేర్లు కనిపిస్తాయి.

బావి దగ్గర ఏతాం చూసినవాళ్లకు దీని సూత్రం సగం తెలిసినట్టే. ఒక కొసన బరువు, రెండో కొసన బానతో తాడు. బరువు దిగితే బాన లేస్తుంది. ట్రెబుషే అదే పనిని కోపంగా చేస్తుంది.

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. పొట్టి కొసకు వేలాడే పెట్టెలో ఆరు టన్నుల మట్టి, రాళ్లు నింపామనుకుందాం. తాళ్లు చుట్టే ఇరుసుల్ని తిప్పి, పొడుగు కొసను నేలకు దించితే ఆ పెట్టె మూడు మీటర్లు పైకి లేస్తుంది. మనుషుల బలమంతా అక్కడే ఖర్చవుతుంది, కానీ తీరిగ్గా. పది పదిహేను మంది అరగంట సేపు మెల్లగా తిప్పినా పరవాలేదు. కొక్కెం తీసిన క్షణాన ఆ అరగంట కష్టం ఒకటి రెండు సెకన్లలో బయటికొస్తుంది. ఆరు టన్నులు మూడు మీటర్లు పడితే సుమారు 1,76,000 జౌళ్ల శక్తి. అంతా రాయికి చేరదు. దూలం తిరగడానికి, ఇరుసు రాపిడికి, చట్రం ఊగడానికి కొంత పోతుంది. సగానికి కొంచెం పైగా చేరిందనుకున్నా, నూరు కిలోల రాయి సెకనుకు 45 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. గంటకు 160 కిలోమీటర్ల పైమాట. సరైన వాలులో వదిలితే 200 మీటర్ల అవతల పడుతుంది.

ఆ 200 మీటర్లు చాలా ముఖ్యం. గోడమీంచి వచ్చే బాణాల పోటు చచ్చిపోయే దూరం అది. యంత్రం దానికి అవతల ఉంటే చాలు, ఇంకా దూరం పోవాల్సిన పనిలేదు. అందుకే దూరం పెంచడం కంటే రాయి బరువు పెంచడం మీదే వడ్రంగుల దృష్టి ఉండేది. 1230 ప్రాంతంలో విలార్ ద ఒనెకూర్ అనే ఫ్రెంచి పనివాడు తన చిత్రాల పుస్తకంలో ఒక ట్రెబుషే అడుగుచట్రం గీసి, మట్టిపెట్టె కొలతలు రాసిపెట్టాడు: పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. మొత్తం 1,296 ఘనపుటడుగులు. మా ఊళ్లో పడగ్గది అంత. దాన్ని నింపడం ఎంత పనో గుర్తుంచుకోండి అని పక్కనే ఒక హెచ్చరిక కూడా. నిలువు చిత్రం ఉన్న పుట పోయింది, ఉండి ఉంటే ఎన్ని వాదాలు తీరేవో.

మట్టి ఎందుకు? ముట్టడి జరిగే ప్రతిచోటా మట్టి ఉంటుంది. దూలం, ఇరుసు, చట్రం వంద బండ్ల మీద తెచ్చుకోవాలి గానీ ఆరు టన్నుల బరువును ఎవడూ మోసుకురానక్కర్లేదు. సీసం దొరికితే ఇంకా మేలు. పెట్టె చిన్నదవుతుంది, పడే దూరం పెరుగుతుంది. 1304లో స్కాట్లండులోని స్టర్లింగ్ కోటను ముట్టడించిన ఇంగ్లండు రాజు ఒకటవ ఎడ్వర్డు చుట్టుపక్కల చర్చిల కప్పులమీది సీసపు రేకులు ఊడబెరికించింది ఇందుకే.

రాయి ఎప్పుడు విడవాలి

అసలు తెలివంతా వడిసెలలో ఉంది. పొలాల్లో పిట్టల్ని తోలే వడిసెల లాంటిదే: రెండు తాళ్లు, మధ్యలో సంచి. ఒక తాడు దూలం కొసకు శాశ్వతంగా కట్టి ఉంటుంది. రెండో తాడు చివర ఉంగరం, దాన్ని దూలం కొసన ఉన్న ఇనుప ఊచకు తొడుగుతారు. రాయి సంచిలో, యంత్రం కింద వేసిన బల్లల గాడిలో పడుకుని ఉంటుంది. దూలం లేవగానే రాయి గాడిలో జారుతూ మొదలవుతుంది, తరవాత నేల వదిలి దూలం కంటే జోరుగా చుట్టు తిరుగుతుంది. దూలం నిట్టనిలువుకు వచ్చే వేళకు వడిసెల కూడా దానికి సూటిగా సాగి, ఉంగరం ఊచ మీంచి జారిపోతుంది. రాయి విడుదల.

బాగా కుదిరిన యంత్రంలో సరిగ్గా ఆ క్షణానికి కింద మట్టిపెట్టె దాదాపు ఆగిపోతుంది. తన దగ్గరున్న కదలికనంతా రాయికి ధారపోసి నిలబడుతుందన్నమాట. కుదరని యంత్రంలో పెట్టె ఇంకా ఊగుతూ ఉంటుంది, ఊగే కొద్దీ చట్రాన్ని బద్దలు చేస్తుంది. పెట్టెను దూలానికి బిగించకుండా ఇరుసు మీద వేలాడదీస్తే అది దాదాపు నిలువుగా పడుతుంది. రాయి దూరం పోతుంది. బిగించేస్తే దూరం తగ్గినా గురి నిలకడగా ఉంటుంది. 13వ శతాబ్దం చివర రోముకు చెందిన గైల్స్ అనే పండితుడు ఈ తేడాను అప్పుడే విడమరిచి చెప్పాడు, రెండు రకాల బరువులూ కలిపి వాడే మూడో రకాన్ని కూడా పేర్కొన్నాడు.

ఊచ వంపులో వేలెడంత తేడా వస్తే చాలు, కథ మారిపోతుంది. ఊచ మరీ నిటారుగా ఉంటే ఉంగరం తొందరగా జారుతుంది. రాయి ఆకాశానికో, వెనక్కో పోతుంది. మరీ వంగి ఉంటే ఆలస్యంగా జారుతుంది. రాయి ఎదురుగా నేలను కొడుతుంది. 1521లో మెక్సికో నగరాన్ని ముట్టడించిన కోర్టెస్, తుపాకి మందు అయిపోవస్తుంటే, ఇటలీ యుద్ధాలు చూశానని చెప్పుకున్న ఒక సైనికుడి చేత ఇలాంటి యంత్రం కట్టించాడు. మొదటి రాయి నిలువునా పైకి లేచి, తిన్నగా వచ్చి యంత్రం మీదే పడింది. చూసింది చాలని కోర్టెస్ దాన్ని విప్పించేశాడు. 1850లో ఫ్రాన్సులో లూయీ నెపోలియన్ ప్రోత్సాహంతో కట్టిన నమూనా కూడా పురాతన పద్ధతులు మరిచిపోయాక కట్టినదే. నాలుగున్నర టన్నుల బరువుతో 24 పౌండ్ల గుండును 175 మీటర్లు విసరగలిగింది. బరువుకు తగ్గ ఫలితం కాదు.

డెన్మార్కులో నిక్యోబింగ్ దగ్గర 1989లో కట్టిన నమూనా దీనికి పూర్తిగా వేరు. రెండు టన్నుల బరువుతో 15 కిలోల గుండ్లు 180 మీటర్లు పోయాయి, పైగా అన్నీ ఆరు మీటర్ల చదరంలో పడ్డాయి. మనుషులు లాగే యంత్రానికీ దీనికీ ఉన్న అసలు తేడా అదే. మట్టి అలిసిపోదు. ప్రతిసారీ అంతే బరువు, అంతే ఎత్తునుంచి పడుతుంది. ఇక రాళ్లు కూడా ఒకే తూకంలో ఉంటే చాలు. కోటల చుట్టూ తవ్వకాల్లో గుండ్రంగా చెక్కిన రాళ్లు దొరకడానికి కారణం అందం కాదు. ముట్టడి శిబిరంలో వడ్రంగి తరవాత ముఖ్యమైనవాడు రాళ్లు చెక్కేవాడు.

ఓరుగల్లు గోడ

ఇన్ని హంగులున్న యంత్రానికి ఎదురుపడిన గోడల్లో మనకు బాగా దగ్గరైనది ఓరుగల్లు కోట. ఢిల్లీ సుల్తాను అలావుద్దీన్ ఖిల్జీ సేనాని మలిక్ కాఫూర్ సేన 1310 జనవరిలో కోట ముందు దిగింది. ఆ ముట్టడి వివరాలు ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాసినవే మనకు ప్రధాన ఆధారం. గెలిచినవాడి కవి కనుక అతిశయోక్తులు, హేళనలు పుష్కలంగా ఉంటాయి. అయినా సాంకేతిక వివరాల దగ్గర ఆయన కళ్లు చురుకైనవే.

కాకతీయుల రాజధానికి లోపల రాతికోట, దాని చుట్టూ కందకం. వెలుపల మట్టికోట, దాని చుట్టూ మరో కందకం. మట్టికోట అడ్డుకొలత సుమారు రెండున్నర కిలోమీటర్లు, రాతికోటది అందులో సగం. ఆ మట్టిగోడ గురించి ఖుస్రో ఏమన్నాడో చూడండి: ఉక్కు బల్లెం దిగదు, మగరబీ రాయి తగిలితే పిల్లలు ఆడుకునే కాయలాగా ఎగిరి వెనక్కి వస్తుంది. శత్రువు నోట ఇంతకంటే యోగ్యతాపత్రం ఏముంటుంది?

రాతిగోడ కంటే మట్టిగోడ గట్టిదా అంటే, ఈ ఆయుధం ముందు అవుననే చెప్పాలి. రాయి పెళుసు. దెబ్బ తగిలితే పగులు పుడుతుంది, రెండో దెబ్బకు ఆ పగులు సాగుతుంది, అతుకులు సడలుతాయి, ఒక రాయి ఊడితే దానిమీది రాళ్లకు ఆధారం పోతుంది. మట్టికి అతుకులు లేవు. గుండు తగిలినచోట అణిగి, దాని జోరును తనలో కలిపేసుకుంటుంది. పైగా మట్టికట్ట అడుగున వెడల్పు, పైన సన్నం. కొంత రాలినా అది గోడ పాదంలోనే పోగవుతుంది. ఎదురు బరువు పెట్టెలో పనికొచ్చిన గుణమే గోడలో దానికి విరుగుడైంది. కొన్ని శతాబ్దాల తరవాత ఫిరంగులు వచ్చాక ఐరోపా ఇంజనీర్లు ఎత్తైన రాతిగోడలు వదిలేసి దళసరి మట్టికట్టల వైపు మళ్లింది ఈ కారణం చేతనే.

కాఫూర్ ముందుగా హనుమకొండ గుట్ట ఎక్కి కోటను చూశాడు. సేనను కోట చుట్టూ పంచాడు. ఒక్కో దళానికి 1,200 గజాల జాగా, మొత్తం చుట్టుకొలత 12,546 గజాలని ఖుస్రో లెక్క. రాత్రి దాడుల భయంతో చెట్లు నరికించి గుడారాల చుట్టూ కొయ్యకోట కట్టించాడు. అంటే కోట చుట్టూ ఇంకో కోట. లోపలివాళ్లు ఊరికే లేరు. వెయ్యిమంది రౌతులతో ఒక నాయకుడు రాత్రివేళ విరుచుకుపడ్డాడు, కానీ నిలవలేకపోయారు. రెండు పక్కలా యంత్రాలు పనిచేశాయి. హిందువుల రాళ్లు జందెం పోగులతో విసిరినట్టు నీరసంగా వచ్చాయని ఖుస్రో వెక్కిరిస్తాడు. వెక్కిరింత సంగతి ఎలా ఉన్నా, కాకతీయులకు కూడా ఈ విద్య తెలుసునని మనకు దాని వల్లే తెలుస్తోంది.

చివరికి ఏం జరిగింది? ఒకవైపు కందకం పూడ్చారు. అదే వైపు గోడను వందమూరల మేర రాళ్లతో కొట్టి కొట్టి మనిషి నడుము ఎత్తుకు దించారు. ఆ పైన వంద మంది పక్కపక్కన నడిచి ఎక్కగలిగేంత వెడల్పు మట్టివాలు, పాషీబ్ అంటారు దాన్ని, కట్టాలని తలపెట్టారు. అది పూర్తికావడానికి ఇంకొన్నాళ్లు పడుతుందని తేలాక ఎదురుచూడటం మానేశారు. ఫిబ్రవరి మధ్యలో ఒక రాత్రి నిచ్చెనలు సిద్ధం చేసుకుని నేరుగా గోడమీదికి పోయారు. మట్టికోట పోయింది. రాతికోట కందకం దగ్గరికి శత్రువు చేరాక ప్రతాపరుద్రుడు రాయబారం పంపాడు. మెడలో బంగారు గొలుసుతో తన బంగారు ప్రతిమనే లొంగుబాటుకు గుర్తుగా పంపాడని ఖుస్రో చెబుతాడు. మార్చిలో కాఫూర్ ఏనుగులు, గుర్రాలు, ధనరాశులతో వెనుదిరిగాడు. లోపలి రాతిగోడకు ఒక్క చిల్లు కూడా పడనక్కర్లేకపోయింది.

ఇందులో యంత్రం వాటా ఎంత? నా అంచనాలో మూడో వంతుకు మించదు. తట్టలతో మట్టి మోసినవాళ్లది, చెట్లు కొట్టినవాళ్లది, నిచ్చెన ఎక్కినవాళ్లది మిగతా అంతా. 1301లో రణథంభోర్ దగ్గర ఇలాంటి పాషీబ్ పని చూస్తూ నిలబడ్డ నుస్రత్ ఖాన్, అలావుద్దీన్ ఖిల్జీ సేనానుల్లో ముఖ్యుడు, కోటలోంచి వచ్చిన మగరబీ రాయి తగిలి చచ్చిపోయాడు. మట్టి పోయించేవాడే అందరికంటే ప్రమాదకారి అని కోటలోపలివాళ్లకు బాగా తెలుసు మరి. అదే అలావుద్దీన్ అంతకు అయిదేళ్ల ముందు సింహాసనం కోసం ఢిల్లీకి పోతూ మజిలీ మజిలీలో చిన్న మంజనీకుతో జనం మీదికి బంగారు నాణేలు విసిరించాడు. ఆ యంత్రం వల్ల తేలిగ్గా లొంగిన కోట బహుశా అదొక్కటే.

ఓరుగల్లు మీదికి తరవాత ఉలుగ్ ఖాన్, అంటే ముందుముందు ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కిన యువరాజు, రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి నెలల తరబడి కూర్చుని, ఢిల్లీలో సుల్తాను పోయాడన్న పుకారుతో సేన చెదిరి వెనక్కి పోయాడు. ముప్పు తప్పిందనుకుని ప్రతాపరుద్రుడు గాదెలు తెరిపించాడని అంటారు. 1323లో ఉలుగ్ ఖాన్ తిరిగొచ్చేసరికి కోటలో గింజలు లేవు. అయిదు నెలల్లో అంతా ముగిసింది.

సొరంగం, పంది కొవ్వు, కొయ్య గోపురం

గోడను నిజంగా కూల్చాలనుకున్నవాడు చాలాసార్లు యంత్రాన్ని కాక పలుగును నమ్ముకున్నాడు. గోడ కిందికి సొరంగం తవ్వి, తవ్విన కొద్దీ కొయ్య గుంజలతో ఆపుతూ పోతారు. గోడ బరువంతా గుంజల మీదికి వచ్చాక నిప్పుపెట్టి బయటికి వచ్చేస్తారు. 1215లో ఇంగ్లండు రాజు జాన్ రోచెస్టర్ కోటను ముట్టడించినప్పుడు, తిండికి అంతగా పనికిరాని నలభై బలిసిన పందుల్ని రాత్రింబవళ్లు నడిపించి పంపమని ఆజ్ఞ రాశాడు. వాటి కొవ్వే సొరంగంలో మంట. బురుజు మూల కూలింది. అయినా లోపలివాళ్లు అడ్డగోడ వెనక్కి తగ్గి పోరాడారు. ఆకలికి తట్టుకోలేకే చివరికి బయటికొచ్చారు.

చక్రాల మీద నడిచే కొయ్య గోపురాలకు పెద్ద పేరున్నా వాటికి చదునైన నేల, పూడ్చిన కందకం కావాలి. 1099లో జెరూసలేం దగ్గర కర్ర కరువై, జఫా రేవుకు వచ్చిన జెనోవా ఓడల్ని విప్పి ఆ దుంగలతో కట్టారు. అక్కడ అది పనిచేసింది. తడి నేలలో కూరుకుపోయినవి, సగం దారిలో తగలబడినవి చాలా ఉన్నాయి.

బేరం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ముట్టడిలో ఇద్దరికీ గడువు ఉంటుంది. లోపలివాడికి గింజలు, నీళ్లు. బయటివాడికి జీతాలు, వానాకాలం, శిబిరంలో పుట్టే రోగాలు. ముందుగా ఎవరికి తీరుతుందన్నదే పందెం. సాయం వచ్చేలోగా లొంగితే ప్రాణాలు దక్కుతాయి, గోడ పగిలాక లొంగితే దక్కవు అన్నది చాలాచోట్ల ఒప్పుకున్న ఆచారం. రాళ్ల యంత్రం చేసేది ఆ గడువును కళ్ల ముందు నిలబెట్టడం. పిట్టగోడలు పడిపోయి కాపలావాడికి చాటు లేకుండా పోతుంది. ఇళ్ల కప్పులు కూలుతాయి. రాత్రి నిద్ర ఉండదు.

షియాంగ్‌యాంగ్ దీనికి మంచి ఉదాహరణ. దక్షిణ చైనాకు ద్వారం లాంటి ఆ నగరాన్ని మంగోలులు 1268 నుంచి చుట్టుముట్టి కూర్చున్నారు. నది దాటి జంటనగరం ఫాన్‌చెంగ్. ఏళ్లు గడిచినా రెండూ లొంగలేదు. అప్పుడు కుబ్లాయ్ ఖాన్ కోరిక మీద పర్షియానుంచి ఇస్మాయిల్, అలావుద్దీన్ అనే ఇద్దరు నిపుణులు వచ్చారు. లాగుడు యంత్రం పుట్టిన దేశానికి ఎదురు బరువు యంత్రం అలా పడమటినుంచి వచ్చింది. ముందు ఫాన్‌చెంగ్ పడింది. 1273లో షియాంగ్‌యాంగ్ ఆగ్నేయ మూలన యంత్రం నిలబెట్టి 150 జిన్‌ల రాయి, అంటే సుమారు 90 కిలోలు, విసిరారు. భూమ్యాకాశాలు దద్దరిల్లాయనీ, రాయి ఏడడుగులు నేలలోకి దిగిందనీ చైనా చరిత్ర చెబుతోంది. ఒక గుండు నగారా గోపురాన్ని పడగొట్టింది. సేనాని ల్యూ వెన్‌హువాన్ లొంగిపోయాడు. గోడ అలాగే ఉంది. అయిదేళ్లుగా ఆహారం, సాయం, ఆశ ఒక్కొక్కటీ తరిగి ఉన్న ఊరికి ఆ రాయి ఒక సాకు అయిందని నాకనిపిస్తుంది. అలాంటి సాకు లేకుండా లొంగడం సేనానులకు కష్టం.

స్టర్లింగులో ఎడ్వర్డు ఈ బేరాన్ని తలకిందులు చేశాడు. అయిదుగురు మేస్త్రీలు, యాభైమంది పనివాళ్లు నెలల తరబడి ‘వార్‌వుల్ఫ్’ అనే భారీ ట్రెబుషేను కడుతుంటే, అది పూర్తయ్యేలోపే కోటలోపలివాళ్లు లొంగిపోతామన్నారు. రాజు ఒప్పుకోలేదు. యంత్రం పరీక్షించేదాకా ఎవరూ బయటికి రాకూడదన్నాడు. ఊళ్లో ఒక ఇంటికి ప్రత్యేకంగా కిటికీ పెట్టించి రాణివాసానికి చూసే ఏర్పాటు కూడా చేశాడు. యుద్ధపరంగా ఆ రాళ్లకు అర్థం లేదు. ఖర్చు పెట్టిన వస్తువును వాడకుండా వదలని ప్రభువు మొండితనం తప్ప.

దీనికి ఎదురు ఉదాహరణ కెనిల్‌వర్త్, 1266. చుట్టూ చెరువు, లోపల కూడా మంచి యంత్రాలు. ఎటూ తేలని రాళ్ల మార్పిడి ఆరు నెలలు నడిచింది. కోటను చివరికి లొంగదీసింది ఆకలి, రోగం.

ఫిరంగి వచ్చాక

ట్రెబుషే ఒక్కరోజులో పోలేదు. 14, 15 శతాబ్దాల్లో ఫిరంగులు, రాళ్ల యంత్రాలు ఒకే శిబిరంలో పక్కపక్కన పనిచేశాయి. తొలి ఫిరంగులు తరచూ పేలిపోయేవి, మందు ఖరీదు. కానీ ఫిరంగి గుండు అడ్డంగా, గోడ పాదానికి తగులుతుంది. ట్రెబుషే రాయి పైనుంచి వాలుగా పడుతుంది. గోడను కూల్చడానికి పాదమే కావాలి. మందు చవకై, పోత మెరుగయ్యాక వంద బండ్ల కర్ర మోసేవాళ్లు కరవయ్యారు.

అయినా 1520లో రాయచూరు ముందు శ్రీకృష్ణదేవరాయల సేన ఏం చేసిందో పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసింది చదివితే ఆశ్చర్యమేస్తుంది. ఫిరంగులు ఎక్కువగా కోట మీద, ఆదిల్‌షా మనుషుల దగ్గర ఉన్నాయి. రాయల మనుషులు గునపాలు, పలుగులతో గోడ పాదం దగ్గరికి పోయారు. పైనుంచి గుండ్లు, బాణాలు. అంత ప్రమాదానికి సిపాయిల్ని ఒప్పించడానికి దళవాయిలు ఒక పద్ధతి పెట్టారు: గోడలోంచి రాయి పెకలించి తెచ్చినవాడికి రాయి సైజును బట్టి పది, ఇరవై, ముప్ఫై, నలభై, యాభై పణాలు. నెలలు గడిచినా కోట పడలేదు. మే నెలలో ఆదిల్‌షాను మైదానంలో ఓడించి వచ్చాక ముట్టడి మళ్లీ మొదలైంది. ఈసారి క్రిస్టొవావ్ ద ఫిగెరేదో అనే పోర్చుగీసువాడు, అతని వెంట ఉన్న కొద్దిమంది తుపాకి కాల్పులతో గోడమీది కాపలాను చెదరగొట్టారు, గునపాలవాళ్లకు పని సులువైంది. ఎక్కడినుంచి కాలుస్తున్నారో చూద్దామని కోట అధికారి గోడ మీంచి తొంగిచూశాడు. గుండు నుదుట తగిలింది. మర్నాడు ఊరివాళ్లు తలుపులు తీసి శరణు కోరారు.